తొమ్మిది ఖాళీ సీడీలు

కూర్మన్నపాలెం,
23-3-2005.

చిరంజీవి ఉమాశంకర్‌ని అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ నాన్నా ఒంటికి బాగానే ఉన్నాం. మనసు సంగతి చదివేకొద్దీ నీకే తెలుస్తుంది. పుణెలో నువ్వూ, నీ గదిలో ఉండే స్నేహితులూ క్షేమమేనని తలుస్తున్నాను.

నీ ఉత్తరం పదో తారీఖున అందింది. ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు నువ్వేమీ అనుకోనక్కర్లేదు, అనుకోవలసినవన్నీ నేనే అనుకున్నాను. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనిస్తావా? నేను ఒకటి చెప్పేలోపల "అది కాదమ్మా, ఇది నొక్కు" అంటావు. ఉత్తరంలో అయితే మధ్యలో దూరలేవు. కుదురుగా కూర్చుని చదువు. నీ స్నేహితులు లైనక్స్‌లో పండితులని రాశావుగా, వాళ్ళకి కూడా చదివి వినిపించు. వాళ్ళ కోసమే అన్నీ మొదటి నుంచి రాస్తున్నాను.

ముందు నీ వాటా తిట్లు నువ్వు తీసుకో. దసరా సెలవులకి వచ్చావు. కంప్యూటర్లో ఉన్నదంతా తుడిచిపారేశావు. ఆ పెంగ్విన్ పక్షి బొమ్మ ఉన్న లైనక్స్ ఎక్కించి, "అమ్మా, ఇక దీనికి ఏ వైరస్సూ రాదు, ఏ జబ్బూ చెయ్యదు" అని చెప్పి రైలెక్కావు. జబ్బు చెయ్యకపోవడమంటే నోరు పడిపోవడమా అని రెండు వారాలకి పైగా నిన్ను తిట్టుకున్నాను. అన్నం వడ్డిస్తూ తిట్టాను, బట్టలు ఆరేస్తూ తిట్టాను. నీకు పొలమారకపోతే అది నీ అదృష్టం.

నీ స్నేహితులకి తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఆశాజ్యోతి మన చేపల తవిటమ్మ కూతురు. తవిటమ్మ గంగవరం నుంచి బుట్టతో రోజూ మన క్వార్టర్ల వైపు వస్తుంది. ఆ పిల్లకి అయిదో ఏట తట్టు పోసి చూపు పోయింది. అయినా పట్టుదలగా బి.ఏ. ఆఖరి సంవత్సరం దాకా వచ్చింది. పరీక్షలో తను చెబితే ఇంకొకరు రాసిపెడతారు, బాగానే ఉంది. కానీ పాఠాలు చదివిపెట్టేదెవరు? రెండేళ్ళుగా ఆ పని నాది. నేను టేపులో చదివేదాన్ని, క్యాసెట్టు తవిటమ్మతో వెళ్ళేది, ఆ పిల్ల పదిసార్లు విని కంఠతా పట్టేది. టీచరు కావాలని దాని కోరిక. ఈ ఏడాది తప్పితే చదువు మానిపించేస్తానని వాళ్ళ నాన్న సింహాద్రి ముందే తేల్చి చెప్పాడు.

జనవరిలో మన టేపురికార్డరు క్యాసెట్టుని నమిలి ఊరుకుంది. పూర్ణా మార్కెట్ దగ్గర బాగుచేసేవాడు దాన్ని తిప్పి చూసి, ఈ సామాను ఇప్పుడు రావడం లేదన్నాడు. నువ్వేమో "కంప్యూటర్ ఉండగా ఇంకా టేపులేంటమ్మా" అన్నావు. సరేనని ద్వారకా నగర్ వెళ్ళి మైకూ, సీడీలూ కొన్నాం. ఫిబ్రవరి ఒకటి నుంచి పద్దెనిమిది రోజులు, నాన్న డ్యూటీ నుంచి రాగానే రికార్డు బొత్తాం నొక్కడం, నేను మైకు చేత్తో పట్టుకుని చరిత్ర పాఠాలు చదవడం. తెర మీద నిమిషాల అంకెలు కదులుతుండేవి. నా గొంతు స్పీకర్లలో ఖంగున మోగేది. సూర్యకాంతమ్మగారు పక్కింట్లోంచి, "వదినా, మొఘలులు అయిపోయారా, మరాఠాలు వచ్చారా?" అని అడిగేది. అలా తొమ్మిది సీడీలు తయారయ్యాయి. తవిటమ్మ చేతికిచ్చి పంపాను.

ఇరవై ఆరో తారీఖు పొద్దున్న ఆశాజ్యోతి తల్లితో వచ్చి, సీడీల్లో ఏమీ వినపడటం లేదని చెప్పింది. ఆ పొద్దున్న ఇంకొకటి కూడా జరిగింది. అది తర్వాత రాస్తాను. ఇప్పుడే రాస్తే చెయ్యి ముందుకు సాగదు.

ఆ సాయంత్రం ఒక సీడీ మన కంప్యూటర్లోనే వేసి చూశాం. యాభై నిమిషాలు తిరిగింది, ఒక్క మాట లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడే తొమ్మిదీ సంచిలో వేసుకుని ద్వారకా నగర్ షాపువాడి మీదకి వెళ్ళాను. పాడైన సీడీలు అంటగట్టావని నిలబెట్టి కడిగేశాను. ఆ అబ్బాయి ఒకటి వేసి చూసి, "ఏటమ్మా, నానేటి సేత్తాను? సీడీ మంచిదే. మీరు రాసిందే ఖాళీగా ఉంది" అన్నాడు. పద్దెనిమిది రోజులు గొంతు చించుకుని చదివితే రాసిందే ఖాళీ అంటాడేమిటి! షాపు బయట మెట్ల మీద నిలబడి కూడా ఇంకో నాలుగు అన్నాను. పాపం, ఆ అబ్బాయి చెప్పింది అక్షరాలా నిజమని తర్వాత తెలిసింది.

ఇక నీ ప్రశ్నలకి జవాబులు. మైకు గుచ్చింది గులాబీ రంగు కన్నంలోనేనా అని అడిగావు. అవును, గులాబీ రంగే, అద్దాలు పెట్టుకుని మరీ చూశాను. ఇంకేదైనా ప్రోగ్రాం సౌండు కార్డుని పట్టుకుని కూర్చుందేమో చూడమన్నావు. నువ్వు రాసి పంపిన ఇంగ్లీషు ముక్కలు ఆ నల్ల తెర మీద ఒక్కొక్క అక్షరం కొట్టి, పట్టుకున్నదాన్ని వదిలించాను. నా పేరు ఆడియో గుంపులో ఉందో లేదో చూడమన్నావు. ఉంది. అయినా నా ఇంట్లో నా గొంతు వినడానికి నేను ఒక గుంపులో చేరాలా? ఇదెక్కడి విడ్డూరం! గొంతు స్థాయి గీత పైకి ఉందా అన్నావు, ఉంది. మైకు గీత కింద దీపం వెలుగుతోందా అన్నావు. నీ ఉత్తరం అందిన రోజే "వెలుగుతోందని రాయి" అన్నారు నాన్న. వెలుగుతోంది.

అన్నీ సరిగ్గా ఉన్నాయి, మాట మాత్రం లేదు. ఇంకో వింత విను. నువ్వు ఫోనులో చెప్పినట్టు సౌండు అమరికలన్నీ మొదటికి తెచ్చి, నాన్న బల్ల మీద పెట్టిన మైకు ముందు వంగి "హలో, హలో, మైక్ టెస్టింగ్" అంటే చక్కగా రికార్డయ్యేది, తిరిగి వినిపించేది. సంతోషపడి నేను కూర్చుని యాభై నిమిషాలు పాఠం చదివితే శూన్యం. మళ్ళీ నాన్న హలో అంటే పలికేది. మళ్ళీ నేను చదివితే పలికేది కాదు. ఒక రోజు కాదు, పన్నెండు రోజులు ఇదే తంతు. ఆడవాళ్ళ గొంతంటే పడని యంత్రం ఎక్కించాడు నా కొడుకు అనుకున్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నారని నువ్వు నవ్వుకుంటావేమో. మద్దెల నిజంగానే ఓడైతే ఆడేవాళ్ళేం చేస్తారు, చెప్పు.

చివరికి పదమూడో తారీఖు ఆదివారం, కంప్యూటర్ మీద దుప్పటి కప్పేసి, పుస్తకం పట్టుకుని నేనే గంగవరం వెళ్ళాను. యంత్రంతో పనిలేకుండా ఎదురుగా కూర్చుని చదివిపెడదామని. పరీక్షకి సరిగ్గా తొమ్మిది రోజులుంది. కానీ ఆ పిల్ల ఒకసారి వింటే చాలదు, రాత్రి పగలు వినాలి. "ఆంటీ, నాను మీ ఇంటికొచ్చి ఆ కంప్యూటర్ కాడ కూకుంతాను, ఏటవుతాందో ఇంటాను" అంది. మర్నాడు వచ్చింది.

కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని తల కొంచెం వంచుకుంది. నాన్న హలో అన్నారు, రికార్డయింది. తర్వాత నేను కూర్చుని మైకు పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. రెండు నిమిషాలకే ఆపమంది. తిరిగి వేస్తే ఖాళీ.

"ఇంకోపాలి సెయ్యండి" అంది.

మళ్ళీ నాన్న హలో. మళ్ళీ నేను. ఈసారి నేను నోరు తెరవక ముందే, "ఆగండాంటీ" అంది. "అంకుల్, మీరు ఇప్పుడు ఏటి నొక్కేరు?"

"రికార్డు నొక్కానమ్మా" అన్నారు నాన్న.

"అది కాదు. దానికి ముందు ఇంకో టిక్కు ఇనపడింది. మీరు హలో అన్నప్పుడు ఒక్క టిక్కే. ఆంటీ కూకున్నప్పుడు రెండు టిక్కులు. ఇందాకా అంతే."

నాన్న తెర వైపు చూసి, "అదా! ఎర్ర దీపం ఆర్పాను" అన్నారు, ఏదో వీధి తలుపు గడియ పెట్టానన్నంత మామూలుగా.

తెర మీద ప్రతి గీత కిందా రెండు చిన్న దీపాలున్నాయట. ఒకటి పచ్చది, ఒకటి ఎర్రది. పచ్చది వెలిగితే స్పీకర్లో మోగుతుంది. ఎర్రది వెలిగితేనే రికార్డవుతుంది. నాన్న ఇరవై రెండేళ్ళుగా ప్లాంటులో ఎలక్ట్రీషియను. వాళ్ళ పానెళ్ళ మీద ఎర్ర దీపం వెలుగుతోందంటే లైను బతికి ఉందని, ముట్టుకుంటే పోతావని. పచ్చ దీపం వచ్చాకే మనిషి చెయ్యి పెట్టాలి. ట్రయల్ చూడటానికి లైను ఇస్తారు, మనిషి పనిలోకి దిగేటప్పుడు లైను తీసేస్తారు. మనింట్లోనూ అదే చేశారు. అమరికలు మొదటికి తెచ్చినప్పుడల్లా ఎర్రది దానంతటదే వెలిగేది, తను హలో అన్నప్పుడు దాన్ని అలాగే ఉంచేవారు. నేను మైకు చేత్తో పట్టుకుని మూతి దగ్గర పెట్టుకోగానే ఆర్పేసేవారు.

"మా ప్లాంటులో గవర్రాజు చెయ్యి అలాగే పోయింది కాంతం" అన్నారు. "ఎర్ర దీపం చూసుకోకుండా పెట్టాడు. నువ్వేమో ఆ ఇనపముక్క నోటి దగ్గర పెట్టుకుని కూర్చుంటావు."

"మరి నాకు ఒక్క ముక్క చెప్పొద్దుటండీ?"

"ఇంట్లోకి వచ్చేటప్పుడు చెప్పులు విప్పానని నీకు చెప్తున్నానా?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నువ్వు దీపం వెలుగుతోందా అని అడిగావు కానీ ఏ రంగుదని అడిగావా? అడగలేదు. అంత చదువుకున్నవాడివి, ఆ ఒక్కటీ అడగలేదు. మేమూ చెప్పలేదు. నన్ను కాపాడబోయి ఆ మనిషి పద్దెనిమిది రోజుల చదువు గాలికి పోనిచ్చారు. కోపంతో మొదలుపెట్టిన మాట ఆయన ముఖం చూసి మింగేశాను. అప్పట్నుంచి నువ్వు ఫోను చేస్తే ఆయన తియ్యడం లేదు. ఎందుకని అడిగావుగా, సిగ్గుపడి. నువ్వు ఆ దీపం ఊసు ఎత్తకు.

నీ లైనక్స్ నిర్దోషి అని ఇందుమూలంగా రాసి ఇస్తున్నాను. ఇప్పుడు శుభ్రంగా రికార్డవుతోంది.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "తవిటమ్మ మంచి వంజరం తెస్తోందా?" అని అడిగావు. తవిటమ్మ మనింటికి చేపలు తేవడం మానేసింది. ఎందుకు మానేసిందో నాన్నకి కూడా పూర్తిగా చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

ఆ ఇరవై ఆరో తారీఖు పొద్దున్న తవిటమ్మ గేటు ముందు బుట్ట దించింది. సూర్యకాంతమ్మగారూ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ బేరమాడుతున్నారు. ఆశాజ్యోతి గుడ్డలో చుట్టిన సీడీలు పట్టుకుని, తల్లి భుజం మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. "ఆంటీ, సీడీల్లో ఏటీ ఇనపడ్డం నేదు. తొమ్మిదీ అంతే" అంది. పద్దెనిమిది రోజుల చదువుకి నా గొంతు పుండై ఉంది. కోపం నెత్తికెక్కింది. "చేపల బుట్టలో పడేసి ఉప్పునీళ్ళు కార్చుకుంటూ తీసుకెళ్తే సీడీ ఏం పలుకుతుంది? ఆ కంపు చేతులతో ముట్టుకుంటే ఏ వస్తువు బాగుంటుంది? మీకు విలువ తెలిస్తేగా!" అన్నాను. అందరి ముందూ అన్నాను, చంటీ. ఇంట్లో ముద్దు పేరుతో పిలిస్తే నీకిప్పుడు చిరాకని తెలుసు, కానీ ఇది రాసేటప్పుడు ఆ పేరే వచ్చింది.

ఆ పిల్ల "సీడీ పాడవ్వనేదాంటీ, పాడైతే..." అని ఏదో చెప్పబోయింది. "మళ్ళీ ఎదురు మాటలా!" అని నోరు మూయించాను. తవిటమ్మ బుట్ట ఎత్తుకుని, కూతురి చెయ్యి పట్టుకుని, "పదే. మా సేతులు కంపే. ఆ కంపుతోనే నిన్ను ఇంతదాన్ని సేసినాను" అంది. సీడీలు గేటు గోడ మీద ఉండిపోయాయి.

ఆ సాయంత్రం సీడీ ఖాళీ అని మన కంప్యూటర్లోనే తెలిసిందా? తెలిసింది. అప్పుడే పరిగెత్తి వెళ్ళి తప్పయిందని చెప్పాలా వద్దా? వెళ్ళలేదు. ముందు ఈ యంత్రం బాగుచేసి, కొత్త సీడీలు పట్టుకుని వెళ్తే తలెత్తుకుని మాట్లాడొచ్చనుకున్నాను. అందుకే షాపువాడి మీద, నీ మీద, ఆ పెంగ్విన్ మీద అంత ఎగిరాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు కూడా కాదు, నా మీద కోపం ఊరందరి మీదా చూపించాను.

గంగవరం వెళ్ళిన రోజున తవిటమ్మ నన్ను లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"బుట్టలో ఎట్టనేదమ్మా. పాలిథిన్ కవర్లో సుట్టి, నా రొమ్ముకాడ ఎట్టుకుని తెచ్చినాను. వాన తగలకుండా, ఎండ తగలకుండా. నా కూతురు సదువది. మీ కాడ నాను ఇలువ నేర్సుకోవాలా?"

"తప్పు నాదే తవిటమ్మా" అన్నాను.

"ఆ మాట ఈడ నాకేటికి? నలుగురిలో అన్నారు. సెప్తే నలుగురిలో సెప్పండి."

న్యాయమైన మాట. ఆశాజ్యోతి లోపల్నుంచి గోడ పట్టుకుని వచ్చింది. ఆ రోజు ఏం చెప్పబోయావమ్మా అని అడిగాను.

"సీడీ పాడైతే గరగరమంతాది, ఎగిరెగిరి పడతాది, నేకపోతే ఆగిపోతాది ఆంటీ. ఇది యాభై నిమిషాలూ సాఫీగా తిరిగింది. లోన ఫ్యాను సప్పుడు గాని, మీ ఊపిరి సప్పుడు గాని నేదు. అంటే మాట ఎక్కనేదు, కంప్యూటర్ కాడ సూడండని సెప్దామనుకున్నాను" అంది. "ఆ దినం నా మాట పూర్తిగా ఇనుంటే పదేను దినాలు మిగిలీవి" అంది. కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది.

మర్నాడు పిల్లని తీసుకుని తవిటమ్మ వచ్చినప్పుడు, అదే గేటు దగ్గర, సూర్యకాంతమ్మగారినీ ఆ ఇద్దరినీ పిలిచి మరీ చెప్పాను. నేనన్నది తప్పు, ఆ చేతులు పట్టుకోబట్టే ఈ పిల్ల ఇంత చదువు చదివింది, నన్ను క్షమించమని. "చేపలమ్మేదానికి క్షమాపణలేంటి వదినా, విడ్డూరం కాకపోతే!" అంది సూర్యకాంతమ్మగారు. మీరు నోరు మూసుకోండని ఆవిడకి కూడా తగలనిచ్చాను. తవిటమ్మ అంతా వింది. పిల్లని గేటు లోపలికి పంపి, తను వెళ్ళిపోయింది. ఇప్పటికీ రోజూ మన వీధిలో అమ్ముతోంది, మన గుమ్మం దాటి పోతోంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ అనేది. నేను తీసుకోగలననుకున్నాను.

ఎనిమిది రోజులు రెండు పూటలా చదివాను. ప్రతి పాఠానికీ మొదటి నిమిషం ఆశాజ్యోతి తిరిగి విని, "ఊఁ" అంటేనే ముందుకి. నాన్న సెలవు పెట్టి సీడీలు చేశారు. ఎర్ర దీపం వైపు చూసినప్పుడల్లా ఆయన చేతులు వెనక్కి కట్టుకుంటారు, చూస్తే జాలేస్తుంది. నా గొంతు పూర్తిగా పోయింది. ఎంత చదివినా మూడు పాఠాలు మిగిలిపోయాయి.

నిన్న చరిత్ర పరీక్ష. నేనూ బస్సెక్కి ఊళ్ళోకి వెళ్ళి, కాలేజీ బయట మూడు గంటలు నిలబడ్డాను. ఆశాజ్యోతి తన పరీక్ష రాసిపెట్టే అమ్మాయి చెయ్యి పట్టుకుని బయటికి వచ్చింది. ఎలా రాశావమ్మా అంటే, "వచ్చినయి బాగానే సెప్పినానాంటీ. రెండు పెద్ద ప్రశ్నలు ఆ మూడు పాఠాల్లోవి వచ్చినాయి. వొదిలీసినాను" అంది. దారిలో సోమవారం పేపరు గురించి అడిగింది తప్ప ఇంకో మాట ఎత్తలేదు. ఈ పేపరు పాసవుతుందో తప్పుతుందో ఫలితాలు వస్తే గానీ తెలియదు. సింహాద్రి అన్న మాట నీకు రాశానుగా.

నా దగ్గర పదిహేను రోజులు ఉండేవి. ఆ మూడు పాఠాలేమిటి, పుస్తకం మొత్తం మళ్ళీ చదివేసేదాన్ని. ఆ రెండు ప్రశ్నలూ మింగింది కంప్యూటరూ కాదు, నాన్నా కాదు. నేను. ఈ ఉత్తరం అందగానే నువ్వు ఫోను చేసి "పోనీలే అమ్మా, బాధపడకు" అంటావని నాకు తెలుసు. అనకు. ఆ మాట నాకు వద్దు.

ఇట్లు,
నీ మేలు కోరే,
అమ్మ
కాంతం